పళ్ళెంలో ఉన్నది హలాలే, మరి తప్పెక్కడ?

ఒక సోదరి మాకు ఉత్తరం రాశారు. ఆమె పేరు, ఊరు ఇక్కడ అవసరం లేదు. ఆమె అడిగిన ప్రశ్న మాత్రం మన ఇళ్ళన్నిటికీ అవసరమైనది.

ఆమె వయసు నలభై దాటింది. బరువు 118 కిలోలు. తొమ్మిదేళ్ళుగా చక్కెర వ్యాధి ఉంది. మోకాళ్ళు అరిగిపోవటంతో ఆరేళ్ళుగా కుర్చీలో కూర్చునే నమాజు చేస్తున్నారు. నుదురు నేలకు ఆనించి సజ్దా చేయాలన్నది తన కోరిక అని రాశారు. డాక్టర్ల సలహా మీద, ఇంటిల్లిపాదీ ఆలోచించుకున్న తర్వాత, బరువు తగ్గించే ఆపరేషన్‌కు సిద్ధమయ్యారు. ఆపరేషన్‌కు ముందు పద్నాలుగు రోజులు ప్రత్యేక ఆహార నియమం పాటించాలని డాక్టరు చెప్పారు. అన్నం, రొట్టె, తీపి, వేపుళ్ళు ఏవీ ముట్టకూడదు. మాంసకృత్తుల పొడి కలిపిన పానీయం, పలుచని మజ్జిగ, కూరగాయల సూపు, ఉడికించిన గుడ్డు తెల్లసొన, నూనె లేకుండా వండిన కొద్దిపాటి కోడిమాంసం, ఇంతే ఆహారం. ఆమె సరేనన్నారు. ఎనిమిది రోజులు పాటించారు కూడా.

తొమ్మిదో రోజు మేనల్లుడి వలీమా వచ్చింది. తాను తిననని ఆమె ముందే చెప్పారు. కాని వదినగారు బిర్యానీ పళ్ళెం తెచ్చి చేతిలో పెట్టారు. "ఆపరేషన్ అయ్యాక నీకు పిడికెడు కూడా దిగదట కదా! ఈ ఒక్క పూట తిను. మా ఇంటి శుభకార్యంలో ఉత్తి చేతులతో కూర్చుంటావా?" అన్నారు. ఆమె తిన్నారు. ఖుబానీ మీఠా కూడా తిన్నారు. మరునాడు ఇంటికి వచ్చిన మిగిలిన బిర్యానీ కూడా తిన్నారు. ఆ తర్వాత మళ్ళీ నియమంలోకి వచ్చారు.

ఆస్పత్రిలో చేరిన రోజు డాక్టరు మామూలుగానే, "పథ్యం పూర్తిగా పాటించారా?" అని అడిగారు. పక్కనే నిలబడిన ఆపా ఆమె చేయి నొక్కి, "పాటించానని చెప్పు, లేకపోతే తేదీ పోతుంది" అని చెవిలో అన్నారట. సోదరి కొంతసేపు మౌనంగా ఉండి, చివరికి జరిగింది జరిగినట్టు చెప్పేశారు. డాక్టరు కోప్పడలేదు. పరీక్షలు చేసి, ఆపరేషన్‌ను రెండు వారాలు వాయిదా వేశారు. భర్త దుకాణం మూసుకుని వచ్చారు. ప్రయాణానికి, బసకు పెట్టిన ఖర్చు వృథా అయింది. ఇప్పుడు బంధువులంతా, "నోరు మూసుకుని ఉంటే అంతా అయిపోయేది" అంటున్నారు.

ఆమె ప్రశ్నలు రెండు: "పళ్ళెంలో ఉన్నదంతా హలాలే. హలాల్ సంపాదనతో వండిందే. సంతోషంతో పెట్టిందే. మరి నేను తినటం తప్పా? రెండోది, నిజం చెప్పి ఇంటివాళ్ళను కష్టపెట్టటం సరైన పనేనా?"

ఈ రెండు ప్రశ్నలను ఇస్లాం వెలుగులో ఆలోచిద్దాం.

ఆ రెండు వారాలు ఎందుకు?

ముందు ఈ నియమం వెనుక ఉన్న కారణం తెలుసుకోవాలి. ఎందుకంటే చాలామంది దీనిని డాక్టర్ల చాదస్తమనో, రోగి పట్టుదలను పరీక్షించే పద్ధతి అనో అనుకుంటారు.

మన కాలేయం పొట్టకు కుడివైపున ఉంటుంది. కాని దాని ఎడమ భాగం జీర్ణకోశం మీదుగా పరచుకుని ఉంటుంది. ఆపరేషన్ చేసే డాక్టరు జీర్ణకోశాన్ని చేరాలంటే ఆ భాగాన్ని పైకి ఎత్తి పట్టుకోవాలి. అధిక బరువు గలవారిలో చాలామందికి కాలేయంలో కొవ్వు పేరుకుని ఉంటుంది. అలాంటి కాలేయం పెద్దదిగా, బరువుగా ఉంటుంది. ఎత్తి పట్టుకున్నప్పుడు సులభంగా చిట్లి రక్తం కారవచ్చు. ఆపరేషన్ ఏమో చిన్న రంధ్రాల గుండా కెమెరా, సన్నని పరికరాలు పంపి చేసేది. దారికి అడ్డంగా పెద్ద కాలేయం ఉంటే జీర్ణకోశం సరిగా కనిపించదు. అప్పుడు పెద్ద కోత పెట్టవలసి రావచ్చు, లేదా ఆపరేషన్ మధ్యలోనే ఆపవలసి రావచ్చు.

ఆహారంలో పిండి పదార్థాలు, తీపి తగ్గిస్తే కాలేయం తనలో దాచుకున్న చక్కెర నిల్వను వాడుకుంటుంది. ఆ నిల్వలో ఒక్కో గ్రాముతో పాటు దాదాపు మూడు గ్రాముల నీరు ఉంటుంది. నిల్వ కరిగితే నీరూ పోతుంది. తర్వాత కొవ్వు కూడా తగ్గటం మొదలవుతుంది. రెండు వారాల్లోనే కాలేయం గుర్తించదగినంతగా కుదించుకుపోతుంది. అందుకే రోజుకు 800 నుండి 1200 కేలరీల మధ్య, పిండి పదార్థాలు తక్కువగా, మాంసకృత్తులు తగినంతగా ఉండే ఆహారం ఇస్తారు. సాధారణంగా ఇది రెండు వారాలు ఉంటుంది. కొందరికి నాలుగు వారాలు కూడా కావచ్చు. ఆస్పత్రిని బట్టి, రోగి స్థితిని బట్టి ఇది మారుతుంది.

ఇక వలీమా పళ్ళెం సంగతి చూడండి. రెండు రోజులు బిర్యానీ, మిఠాయి తింటే ఖాళీ అయిన ఆ నిల్వ తిరిగి నిండుతుంది. ఎనిమిది రోజుల కష్టం చాలావరకు వెనక్కి పోతుంది. అంటే ఆ పథ్యం ఒక అలంకారం కాదు, చికిత్సలో మొదటి మెట్టు. ఆపరేషన్ బల్ల మీద డాక్టరు చేయవలసిన పనిలో కొంత భాగం రెండు వారాల ముందే రోగి వంటింట్లో మొదలవుతుంది.

అసలు ఆపరేషన్ ధర్మసమ్మతమేనా?

అల్లాహ్ సృష్టిని మార్చటమే కదా ఇది అని కొందరు సందేహిస్తారు. ప్రజల చేత దైవసృష్టిలో మార్పులు చేయిస్తానని షైతాన్ పలికిన మాట దివ్య ఖుర్ఆన్‌లోని నిసా సూరా 119వ ఆయత్‌లో ఉంది. ఆ సందేహం మంచిదే. అయితే ధర్మవేత్తలు సోకు కోసం చేసే మార్పును, జబ్బుకు చేసే చికిత్సను ఒకే గాటన కట్టలేదు. ప్రతి వ్యాధికీ అల్లాహ్ మందును సృష్టించాడని, చికిత్స చేయించుకోవాలని దైవప్రవక్త ముహమ్మద్ (స) ఉపదేశించారు. అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాల్లో ఈ హదీసు ఉంది. 2007లో మలేషియాలోని పుత్రజయలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ కూడా ఈ విషయాన్ని పరిశీలించింది. అధిక బరువు జబ్బుగా పరిణమించినప్పుడు, ఆపరేషన్ తప్ప వేరే మార్గం లేనప్పుడు, హాని కలగదనే నమ్మకం ఉన్నప్పుడు అది ధర్మసమ్మతమేనని అభిప్రాయపడింది.

కనుక సన్నగా కనిపించాలనే మోజుతో వెళ్ళేవారి సంగతి వేరు. చక్కెర వ్యాధి, రక్తపోటు, నిద్రలో ఊపిరి ఆగటం, మోకాళ్ళ నొప్పులు వంటి వాటితో బాధపడుతూ, ఇతర మార్గాలన్నీ ప్రయత్నించి, నమ్మకమైన డాక్టరు సలహా మీద వెళ్ళేవారి సంగతి వేరు. ఉత్తరం రాసిన సోదరి రెండో కోవకు చెందినవారు.

హజ్రత్ అలీ (రజి) ముందున్న ఖర్జూరాలు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. హలాల్ ఆహారం తినటంలో తప్పేముంది?

దైవప్రవక్త (స) జీవితంలో జరిగిన ఒక సంఘటన ఇక్కడ మనకు దారి చూపుతుంది. ఒకసారి ఆయన ఉమ్ముల్ మున్‌జిర్ (రజి) ఇంటికి వెళ్ళారు. వెంట హజ్రత్ అలీ (రజి) ఉన్నారు. ఆయన అప్పుడే జబ్బు నుండి కోలుకుంటున్నారు. ఇంట్లో ఖర్జూర గెలలు వేలాడుతున్నాయి. దైవప్రవక్త (స) అందులో నుండి తినసాగారు. హజ్రత్ అలీ (రజి) కూడా తినబోగా, ఇంకా బలహీనంగా ఉన్నావని గుర్తు చేస్తూ దైవప్రవక్త (స) ఆయనను వారించారు. ఆ ఇల్లాలు ఆకుకూర, యవలు కలిపి వండి తెచ్చినప్పుడు మాత్రం, ఇది తిను, నీకు ఇదే మేలు అని చెప్పారు. అబూ దావూద్, తిర్మిజీ, ఇబ్నె మాజా గ్రంథాల్లో ఈ సంఘటన ఉల్లేఖించబడింది.

ఆలోచించండి! ఖర్జూరం హలాల్ మాత్రమే కాదు, శుభప్రదమైన ఆహారం. పెట్టింది ఒక సహాబియా. వారించిన దైవప్రవక్త (స) స్వయంగా ఆ ఖర్జూరాలనే తింటున్నారు. అంటే ఒకే ఇంట్లో, ఒకే గెల కింద, ఒకరికి తినటం సమంజసం, మరొకరికి తినకపోవటం సమంజసం అయ్యాయి. అక్కడ ఖర్జూరం మారలేదు. తినేవారి శరీర స్థితి మారింది.

కనుక పళ్ళెంలో ఉన్నది హలాలా కాదా అన్నది మొదటి ప్రశ్న మాత్రమే. ఇది నా శరీరానికి ఈ రోజు తగునా అన్నది రెండో ప్రశ్న. మనం మొదటి ప్రశ్నను ఎంతో శ్రద్ధగా అడుగుతాం. మాంసం ఎక్కడిది, ఎవరు జబహ్ చేశారు అని విచారిస్తాం. అది మంచి అలవాటే. కాని రెండో ప్రశ్నను అసలు అడగనే అడగం.

హలాల్‌ను వదిలేస్తే దాన్ని హరామ్ చేసుకున్నట్టు కాదా అని మరో సందేహం రావచ్చు. అల్లాహ్ ధర్మసమ్మతం చేసిన మంచి వస్తువులను నిషిద్ధం చేసుకోవద్దని దివ్య ఖుర్ఆన్ మాయిదా సూరా 87వ ఆయత్‌లో హెచ్చరించింది కదా! దీనికి కూడా సమాధానం దైవప్రవక్త (స) ఆచరణలోనే ఉంది. ఒకసారి విందులో ఉడుము మాంసం పెట్టారు. ఆయన ముట్టలేదు. అది హరామా అని అడిగితే కాదన్నారు. తమ ప్రాంతంలో అది లేదు కనుక తనకు ఇష్టం కలగటం లేదని చెప్పారు. హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి) ఆయన ఎదుటే తిన్నారు. తినకపోవటం వేరు, నిషేధించటం వేరు. డాక్టరు అన్నం వద్దన్నప్పుడు అన్నం హరామ్ కాలేదు. ఆ రోగికి కొన్నాళ్ళు దూరమైంది, అంతే.

నది ఒడ్డున ఒక సైన్యం

దివ్య ఖుర్ఆన్ బఖరా సూరా 249వ ఆయత్‌లో తాలూత్ సైన్యం వృత్తాంతం ఉంది. జాలూత్‌ను ఎదుర్కోవటానికి సైన్యం బయలుదేరింది. దారిలో ఒక నది ఎదురవుతుందని, దాని ద్వారా అల్లాహ్ పరీక్షిస్తాడని తాలూత్ ముందే హెచ్చరించాడు. ఆ నీరు తాగినవాడు తనవాడు కాడన్నాడు. అరచేతితో ఒక్క దోసెడు తీసుకుంటే మాత్రం ఫరవాలేదన్నాడు. కాని కొద్దిమంది తప్ప అందరూ కడుపునిండా తాగారు. నది దాటాక, ఈ రోజు జాలూత్‌తో పోరాడే శక్తి మాకు లేదనే మాట వినిపించింది.

నీరు ఎన్నడైనా హరామ్ అవుతుందా? కాదు. అయినా ఆ రోజు, ఆ పోరాటం ముందు, ఆ సైనికులకు దానిని మితం చేయటం జరిగింది. పూర్తిగా వద్దనలేదు, దోసెడు అనుమతించబడింది. నిషేధం ఆ ఒక్క ప్రయాణానికే. తాగినవారు ఏ దొంగనీళ్ళూ తాగలేదు. అయినా ఓడిపోయారు.

డాక్టరు మాటను మేము దైవాజ్ఞతో సమానం చేయటం లేదు. అల్లాహ్ క్షమించుగాక! వైద్యుడు మనిషే, పొరపాటు చేయగలడు. కాని ఈ వృత్తాంతంలో ఆపరేషన్‌కు వెళ్ళే ప్రతి రోగికీ ఒక పాఠం ఉంది. పెద్ద పోరాటానికి ముందు వచ్చే చిన్న పరీక్షలో నోరు అదుపులో ఉంచుకోలేనివాడు, పోరాటంలో నిలబడతానని ఏ ధైర్యంతో చెప్పగలడు? ఎందుకంటే ఆపరేషన్‌తో కథ ముగిసిపోదు. ఒక పద్ధతిలో జీర్ణకోశంలో మూడు వంతులకు పైగా తీసివేస్తారు. మరో పద్ధతిలో చాలా చిన్న భాగం మాత్రమే ఆహారానికి వదిలి, పేగులను వేరే దారిన కలుపుతారు. ఆ తర్వాత జీవితాంతం కొద్దికొద్దిగా, నెమ్మదిగా నమిలి తినాలి. విటమిన్లు, ఇనుము, కాల్షియం డాక్టరు చెప్పినట్టు వాడుతూనే ఉండాలి. తీపి ఎక్కువైతే కొందరికి కడుపు తిప్పటం, చెమటలు, గుండెదడ మొదలవుతాయి. ఇవేవీ లెక్కచేయకుండా రోజంతా చిరుతిళ్ళు తింటూ ఉంటే పోయిన బరువు కొన్నేళ్ళకు తిరిగి రావచ్చు. కత్తి జీర్ణకోశాన్ని చిన్నది చేయగలదు. మనసులోని ఆశను చిన్నది చేసే కత్తి ఏ ఆస్పత్రిలోనూ లేదు.

"ఇక తినలేవు కదా, ఈ రోజు తిను" అన్న వదినగారి మాటలోని లోపం ఇక్కడే ఉంది. వీడ్కోలు చెప్పవలసిన అలవాటుకు విందు చేసి సాగనంపాలనుకుంటే, అది వెళ్ళదు, ఇంకాస్త గట్టిగా కూర్చుంటుంది.

ఇది ఉపవాసమా?

కొందరు సోదరీమణులు ఈ పథ్యాన్ని రోజాతో పోలుస్తారు. ఈ విషయంలో స్పష్టత అవసరం. రోజా ఒక ఆరాధన. దానికి వేళలున్నాయి, నిబంధనలున్నాయి. డాక్టరు చెప్పిన పథ్యం రోజా కాదు, దాని స్థానంలో లెక్కకు రాదు.

అయితే కర్మలు సంకల్పాలపై ఆధారపడి ఉంటాయన్న హదీసు మనందరికీ తెలుసు. మన శరీరానికి మనపై హక్కు ఉందన్న హదీసూ తెలుసు. ఆ హక్కును నెరవేర్చే సంకల్పంతో, లేచి నిలబడి నమాజు చేయాలనే ఆశతో, పిల్లలకు భారం కాకూడదనే తలంపుతో ఆకలిని ఓర్చుకుంటే ఆ ఓర్పుకు అల్లాహ్ పుణ్యఫలం ప్రసాదిస్తాడని ఆశించవచ్చు. అద్దంలో అందం కోసమే అయితే ఆ ఆకలి ఆకలిగానే మిగిలిపోతుంది.

రోజాకూ ఈ పథ్యానికీ ఒక పోలిక మాత్రం నిజంగా ఉంది. రెండూ ఒంటరిగా ఉన్నప్పుడు నిలబడేవే. తలుపు వేసుకుని ఒక గుక్క నీళ్ళు తాగితే రోజాదారుని ఎవరు పట్టుకోగలరు? అయినా తాగడు. పదేళ్ళ పిల్లవాడు కూడా తాగడు. ఎందుకంటే అల్లాహ్ చూస్తున్నాడని అతనికి తెలుసు. రమజాన్ నెలలో ఇంత గొప్ప శిక్షణ పొందిన మనం, పద్నాలుగు రోజుల పథ్యం ముందు ఎందుకు నిస్సహాయులమవుతాం? రమజాన్‌లో చూసే అల్లాహ్ షవ్వాల్‌లో చూడటం మానేస్తాడా?

దాచిన ముద్ద, దాచిన మాట

ఇక రెండో ప్రశ్న. నిజం చెప్పటం సరైన పనేనా?

సోదర సోదరీమణులారా! రోగికీ వైద్యునికీ మధ్య ఒక ఒప్పందం ఉంటుంది. డాక్టరు తన విద్యను, తన చేతులను అమానత్‌గా ఇస్తాడు. రోగి తన శరీరాన్ని అప్పగిస్తూ దానిని గురించిన నిజాన్ని కూడా అప్పగించాలి. చేసుకున్న వాగ్దానం గురించి ప్రశ్నించటం జరుగుతుందని దివ్య ఖుర్ఆన్ బనీ ఇస్రాయీల్ సూరా 34వ ఆయత్ హెచ్చరిస్తోంది. అబద్ధపు సమాచారం మీద కత్తి పట్టుకున్న డాక్టరు కళ్ళకు గంతలు కట్టినవాడితో సమానం. లోపల పెద్ద కాలేయం ఎదురైనప్పుడు ఆ క్షణంలో ఆయన ఏం నిర్ణయించుకోవాలి? పొరపాటు జరిగితే నింద ఎవరి మీద పడుతుంది? రోగి ప్రాణం ప్రమాదంలో పడటం ఒక ఎత్తు. నిర్దోషి అయిన మరో మనిషిని నిందకు గురిచేయటం మరో ఎత్తు. మోసగించేవాడు తమవాడు కాడని దైవప్రవక్త (స) చెప్పిన మాట బజారులో ధాన్యం అమ్మేవానికే పరిమితం కాదు.

అంతేకాదు, మిమ్మల్ని మీరు వినాశంలోకి నెట్టుకోకండన్న అర్థం గల ఆదేశం బఖరా సూరా 195వ ఆయత్‌లో ఉంది. తేదీ పోతుందనే భయంతో ప్రాణాన్ని పణంగా పెట్టటం ఏ లెక్కన వివేకం?

ఇక్కడ ఒక తేడా గమనించాలి. తినటం బలహీనత. దాచటం నిర్ణయం. వలీమాలో ఆ సోదరి తడబడ్డారు. ఆదమ్ సంతతి తడబడుతుంది. తడబడినవారికి తౌబా ద్వారం తెరిచే ఉంది. కాని ఆస్పత్రిలో చేయి నొక్కి చెప్పిన ఆ మాట విని ఉంటే, తడబాటు మోసంగా మారి ఉండేది. తప్పిన పథ్యాన్ని రెండు వారాల్లో సరిదిద్దుకోవచ్చు. ఆపరేషన్ బల్ల మీద బయటపడిన అబద్ధాన్ని సరిదిద్దటానికి సమయం ఉండదు.

ఒంటెను కట్టేసి అల్లాహ్ మీద భారం వేయమన్నది దైవప్రవక్త (స) బోధన. పథ్యం తప్పి, ఆ సంగతి దాచి, "అల్లాహ్ చూసుకుంటాడు" అనటం ఒంటెను విప్పి వదిలేసి దైవంపై నమ్మకం పెట్టుకున్నానని చెప్పుకోవటం లాంటిది.

ఇంటివారి వంతు

ఈ మొత్తం ఉదంతంలో తప్పంతా ఆ సోదరిదే అని తీర్పు చెబితే అది న్యాయం కాదు. పళ్ళెం చేతిలో పెట్టినవారున్నారు. మిగిలిన బిర్యానీ ఇంటికి పంపినవారున్నారు. చేయి నొక్కినవారున్నారు. అందరూ ప్రేమతోనే చేశారు. కాని ప్రేమకు కూడా జ్ఞానం అవసరం.

అతిథిని గౌరవించటం ఈమాన్‌లో భాగమని మనం చదువుకున్నాం. హజ్రత్ సల్మాన్ (రజి) పట్టుబట్టటంతో హజ్రత్ అబూ దర్దా (రజి) తన నఫిల్ రోజా విరమించి భోజనం చేశారని కూడా విన్నాం. కొందరు ఈ సంఘటన చెప్పి పథ్యం మానిపిస్తారు. అయితే హజ్రత్ సల్మాన్ (రజి) ఎందుకు పట్టుబట్టారో చూడాలి. ఆరాధనల్లో మునిగి శరీరం హక్కును, భార్య హక్కును మరచిపోయిన మిత్రునికి ఆ హక్కులను గుర్తు చేయటానికే. శరీరం హక్కు ఆ రోజు తినటంలో ఉంది. మన సోదరి విషయంలో అదే హక్కు తినకపోవటంలో ఉంది. ఆమె చేత తినిపించినవారు హజ్రత్ సల్మాన్ (రజి) మాటను తలకిందులు చేశారు.

దైవప్రవక్త (స) ఏ ఆహారాన్నీ ఎన్నడూ విమర్శించలేదు. ఇష్టమైతే తినేవారు, లేకపోతే వదిలేసేవారు. ఆయన వదిలేసినప్పుడు వడ్డించినవారు అవమానంగా భావించలేదు. మన దావత్‌లలో మాత్రం "మా ఇంట్లో తినవా?" అనే ఒక్క మాట ముందు ఎంతోమంది డాక్టరు మాట ఓడిపోతోంది. మరోవైపు, అదే బంధువులు ఆ మనిషి బరువు మీద హాస్యమాడతారు. ఒకరినొకరు ఎగతాళి చేయవద్దని హుజురాత్ సూరా 11వ ఆయత్ ఆజ్ఞాపిస్తోంది. ముందు నవ్వటం, తర్వాత బలవంతంగా తినిపించటం, ఆఖరున "నోరు అదుపులో పెట్టుకోలేదు" అని నిందించటం. ఇందులో ప్రేమ ఎక్కడుంది?

ఇంటివారు చేయగలిగింది పెద్ద త్యాగమేమీ కాదు. ఆ రెండు వారాలు ఇంట్లో వేపుడు వాసన రాకుండా చూడవచ్చు. ఆమె సూపు తాగే వేళకు భర్త కూడా ఆ గిన్నెలోదే ఒక కప్పు తాగవచ్చు. దావత్ ఉంటే పలకరించి, దుఆ చేసి, వడ్డనకు ముందే లేచి వచ్చేలా తోడు వెళ్ళవచ్చు. ఉమ్ముల్ మున్‌జిర్ (రజి) చేసిన పని గుర్తు తెచ్చుకోండి. అతిథి ఖర్జూరాలు తినకూడదని తెలియగానే ఆమె నొచ్చుకోలేదు. ఆయనకు సరిపడేది వండి తెచ్చారు. ఆతిథ్యం అంటే అది.

మరికొన్ని జాగ్రత్తలు

ఈ పథ్యాన్ని ఎవరూ సొంతంగా మొదలుపెట్టకూడదు. ముఖ్యంగా చక్కెర వ్యాధికి ఇన్సులిన్, కొన్ని రకాల మాత్రలు వాడేవారు ఆహారం తగ్గించి మందు మోతాదు అలాగే ఉంచితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. మోతాదు మార్చవలసింది డాక్టరే. కళ్ళు తిరగటం, వణుకు, చెమటలు వస్తే పథ్యం పేరుతో ఓర్చుకుంటూ కూర్చోకూడదు. వెంటనే డాక్టరు చెప్పిన ఉపాయం పాటించి ఆస్పత్రికి తెలియజేయాలి. అవసరమైనప్పుడు తినటం కూడా శరీరం హక్కే.

పథ్యం రోజులు రమజాన్‌లో వస్తే ముందే డాక్టరుతోను, నమ్మకమైన ఆలిమ్‌తోను మాట్లాడాలి. రోగికి రోజా వాయిదా వేసుకునే సౌలభ్యాన్ని అల్లాహ్ స్వయంగా బఖరా సూరా 184, 185 ఆయత్‌లలో ప్రసాదించాడు. ఆపరేషన్ తర్వాత తొలి రోజుల్లో నీటిని గుక్కగుక్కగా రోజంతా తాగుతూ ఉండాలి. అలాంటప్పుడు ఆ సౌలభ్యాన్ని కాదనటం భక్తి అనిపించుకోదు.

మాంసకృత్తుల పొడి, విటమిన్ గొట్టాల విషయంలో హలాల్ గురించి తప్పక విచారించాలి. గొట్టాల తయారీకి వాడే జెలటిన్ పశువుల ఎముకలు, చర్మం నుండి వస్తుంది. పంది చర్మం నుండి కూడా వస్తుంది. మన దేశంలో ఆహార ప్యాకెట్ల మీద శాకాహారానికి ఆకుపచ్చ గుర్తు ఉంటుంది. సందేహం ఉంటే మాత్రలు, నీటిలో కలిపే మందుల వంటి వేరే రకం ఇవ్వమని డాక్టరును అడగవచ్చు. మందు మానేయటం మాత్రం పరిష్కారం కాదు.

ఆ సోదరికి మా సమాధానం

సోదరీ! మీరు తిన్న ఆహారం హలాలే. దానిని హరామ్ అనే అధికారం మాకు లేదు. కాని మీ శరీరం అల్లాహ్ మీకిచ్చిన అమానత్. దానిని ఎలా వినియోగించావని ప్రళయదినాన ప్రశ్నించటం జరుగుతుందని దైవప్రవక్త (స) తెలియజేశారు. ఆ అమానత్ విషయంలో మీరు డాక్టరుకు ఇచ్చిన మాట ఆ రోజు తప్పారు. తప్పు బిర్యానీలో లేదు. మాట తప్పటంలో, హాని అని తెలిసీ చేయి చాచటంలో ఉంది. దానికి అల్లాహ్‌ను క్షమాపణ వేడుకోండి. అంతకు మించి మనసును హింసించుకోకండి.

ఇక నిజం చెప్పటం గురించి. మీ భర్తగారికి దుకాణం కొన్నాళ్ళు మూతపడింది, డబ్బు పోయింది. ఆ నష్టం నిజమే, దానిని తేలికగా తీసివేయలేం. బంధువులు మీ నిజానికి ధర కట్టి చెబుతున్నారు. మీరు అబద్ధం చెప్పి ఉంటే దాని ధర ఎంతయ్యేదో మాత్రం ఎవరూ కట్టలేరు. మీరు చెప్పిన ఒక్క మాట మీ ప్రాణాన్ని, ఆ డాక్టరు గౌరవాన్ని, మీ ఆపాను ఒక పాపంలో భాగస్వామి కాకుండా కూడా కాపాడి ఉండవచ్చు.

ఇప్పుడు మీకు మరో రెండు వారాలు లభించాయి. ఈసారి పళ్ళెం ఎవరు చేతిలో పెట్టినా, చిరునవ్వుతో పక్కన పెట్టండి. ఈ ఉత్తరం చదివిన మీ వదినగారు ఈసారి పళ్ళెం తేరనే మేము ఆశిస్తున్నాం. ఆకలి వేసినప్పుడు మీరు మాకు రాసిన ఆ సజ్దాను గుర్తు చేసుకోండి. కుర్చీలో కూర్చుని చేసే సజ్దాను కూడా అల్లాహ్ స్వీకరిస్తాడు, ఇందులో సందేహం లేదు. ఆయన ఎవరిపైనా శక్తికి మించిన భారం వేయడు. అయినా నేలను తాకాలన్న మీ నుదుటి ఆరాటం ఆయనకు తెలుసు.

అల్లాహ్ మీకు, వ్యాధిగ్రస్తులందరికీ సంపూర్ణ స్వస్థత ప్రసాదించుగాక! మన నోటిని హద్దులో, మన మాటను సత్యంలో నిలిపే శక్తిని మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.